ఊపిరికి కావలి: ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ జీవితం

తూర్పు కనుమలలో, అనంతగిరి కొండల నడుమ, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున బొర్రా ఉన్నది. అక్కడి సున్నపురాతి గుహలను చూడని తెలుగు విద్యార్థి ఉండవచ్చును గాని, వాటిని గూర్చి వినని విద్యార్థి ఉండడు. ఆ గుహలను ఏ మహాశిల్పియో ఉలి పట్టి తొలవలేదు. యుగయుగాలుగా రాతిపై పారిన నీరే తొలిచింది. స్వల్పమైన శక్తి యైనా ఒకేచోట ఎడతెగక పనిచేస్తే ఎంతటి గట్టి గోడనైనా తినివేయగలదని ఆ గుహలు మనకు నేర్పుతున్నవి. ప్రస్తుతం మనం చెప్పుకోబోయే కథలో ఈ పాఠంతో మనకు మళ్ళీ పని పడుతుంది.

ఆ కొండలలో ఎవరికైనా ప్రాణాపాయకరమైన జబ్బు చేసినప్పుడు పెద్ద వైద్యానికి మైదానానికి దిగిరాక తప్పదు. 1923లో విశాఖపట్నంలో నెలకొన్న కింగ్ జార్జి ఆసుపత్రి ఆ ప్రాంతపు ప్రజలకు తరతరాలుగా పెద్ద దిక్కుగా ఉన్నది. పాముకాటు వల్లనో, తలకు తగిలిన దెబ్బ వల్లనో, ఊపిరితిత్తుల జబ్బు వల్లనో తనంత తాను ఊపిరి తీసుకోలేని రోగికి నోటి గుండా శ్వాసనాళంలోనికి ఒక గొట్టం దింపి, దానిని వెంటిలేటర్ యంత్రానికి తగిలిస్తారు. ఆ గొట్టం కొసకు కొంచెం పైగా, దాని చుట్టూ పలుచని చిన్న గాలితిత్తి ఒకటి ఉంటుంది. బయటినుండి సన్నని గొట్టం ద్వారా గాలి ఎక్కించగానే అది ఉబ్బి, గొట్టానికీ శ్వాసనాళపు గోడకూ మధ్య ఉన్న సందును మూసివేస్తుంది. వైద్యులు దీనిని కఫ్ అంటారు. వాత పిత్త కఫాలలోని కఫానికీ ఈ కఫ్‌కూ చుట్టరికం ఏమీ లేదు. చొక్కా చేతి చివర ఉండే పట్టీకి ఇంగ్లీషువారు పెట్టుకున్న పేరే దీనికీ వచ్చింది.

ఆ తిత్తి చేసే పనులు రెండు. యంత్రం పంపిన గాలి పక్కనుండి తప్పించుకొని పోకుండా ఆపటం ఒకటి. నోటిలోని ఉమ్మి, కడుపులోనుండి పైకి వచ్చిన ద్రవం, రక్తం ఊపిరితిత్తులలోనికి జారకుండా అడ్డుకోవటం రెండవది. స్పృహలో ఉన్న మనిషికి దగ్గు ఈ కాపలా కాస్తుంది. స్పృహ లేని మనిషికి ఆ తిత్తియే కావలి. ఈ కావలిని శ్వాసనాళపు వాకిట మొట్టమొదట నిలిపిన శస్త్రవైద్యుడు జర్మనీ దేశీయుడైన ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్. ఆయన జీవితం వైద్యులకే గాక ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ కూడ తెలియదగినది.

ట్రెండెలెన్‌బర్గ్ 1844 మే 24వ తేదీన బెర్లిన్ నగరంలో జన్మించారు. తండ్రి ఫ్రీడ్రిష్ అడాల్ఫ్ ట్రెండెలెన్‌బర్గ్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రాచార్యుడు. అరిస్టాటిల్ గ్రంథాలను లోతుగా పరిశీలించిన పండితుడుగా ఆ తండ్రికి యూరపు అంతటా పేరు ఉండేది. పుస్తకాల నడుమ పెరిగిన బాలుడు పెద్దవాడై కత్తి పట్టుకున్నాడు. అయినా పదార్థాన్ని విడదీసి కారణం వెదకే తండ్రి అలవాటు కుమారునికి సంక్రమించిందని ఆయన తరువాత చేసిన పనులను చూస్తే అనిపించక మానదు.

ఉన్నత విద్య కొరకు ఆ యువకుడు మొదట స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి వెళ్ళి, అక్కడ శరీరనిర్మాణ శాస్త్రం అభ్యసించారు. ఆ రోజులలోనే అదే విశ్వవిద్యాలయంలో జోసెఫ్ లిస్టర్ శస్త్రవైద్య పీఠాన్ని అధిష్ఠించి ఉన్నారు. మరికొన్ని సంవత్సరాలకు లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలలోని కుళ్ళును అరికట్టి శస్త్రవైద్య స్వరూపాన్నే మార్చివేశారు. ట్రెండెలెన్‌బర్గ్ పిమ్మట బెర్లిన్‌కు తిరిగి వచ్చి చదువు కొనసాగించి 1866లో వైద్యపట్టం పొందారు.

ఆ పట్టం కొరకు ఆయన లాటిన్ భాషలో వ్రాసిన సిద్ధాంత వ్యాసం ప్రాచీన భారతీయుల శస్త్రచికిత్సను గూర్చినది. తెలుగు పాఠకుడు ఈ సంగతి వినగానే కొంచెం ఆగి ఆలోచిస్తాడు. 1835-36 సంవత్సరాలలో కలకత్తాలో మధుసూదన గుప్త సుశ్రుత సంహితను అచ్చు వేయించారు. హెస్లర్ అనే జర్మన్ పండితుడు దానిని లాటిన్ భాషలోనికి అనువదించి 1844 నుండి భాగాలుగా ప్రకటించసాగాడు. అంటే మన కథానాయకుడు పుట్టిన సంవత్సరంలోనే సుశ్రుతుడు యూరపు విద్వాంసుల భాషలో మాట్లాడటం మొదలుపెట్టాడన్నమాట. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి అతికించే విధానం, మూత్రాశయంలోని రాయిని కోసి తీసే విధానం, నూరుకు పైబడిన శస్త్రాల వర్ణన, శవచ్ఛేదం చేసి శరీరం నేర్చుకోవాలన్న నియమం ఆ సంహితలో ఉన్నవి. ఇరువది రెండేళ్ళ జర్మన్ విద్యార్థి తన తొలి పరిశోధనకు ఇంత దూరపు విషయాన్ని ఎన్నుకొనటం ఆనాటి విద్య ఎంత విశాలమైనదో తెలియజేస్తుంది.

1868లో ఆయన బెర్లిన్‌లో బెర్న్‌హార్డ్ ఫాన్ లాంగెన్‌బెక్‌కు సహాయకుడుగా చేరి 1874 వరకు ఆయన వద్ద పనిచేశారు. లాంగెన్‌బెక్ ఆ కాలపు జర్మన్ శస్త్రవైద్యులకు కులగురువు వంటివాడు. ఉదరశస్త్రచికిత్సలో పేరు మోసిన బిల్‌రోత్ కూడ ఆయన శిష్యుడే. ఆ గురువు పర్యవేక్షణలోనే ట్రెండెలెన్‌బర్గ్ గాలితిత్తి సృష్టి జరిగింది. దాని విలువ గ్రహించాలంటే ఆనాటి శస్త్రవైద్యుని చిక్కు ఏమిటో తెలుసుకోవాలి.

1840ల చివరి సంవత్సరాలలో ఈథరు, క్లోరోఫారం వాడుకలోనికి వచ్చి నొప్పి తెలియకుండా కోత కోయటం సాధ్యమైంది. చేతిమీద, కాలిమీద కోతకు అది వరప్రసాదం. నాలుక, పైదవడ, గొంతు ప్రాంతాల కోతలకు మాత్రం అదే శాపమైంది. మత్తులో ఉన్న రోగి దగ్గలేడు. కోసిన చోటినుండి కారిన రక్తం తిన్నగా శ్వాసనాళంలోనికి దిగుతుంది. రోగి బల్లమీదనే ఊపిరాడక మరణించవచ్చును. లేదా కొన్ని దినాలకు ఊపిరితిత్తులు చెడి మరణించవచ్చును. అందుచేత చాలమంది శస్త్రవైద్యులు రోగికి సగం మత్తు మాత్రమే ఇచ్చి, రక్తాన్ని తానే దగ్గి ఉమ్మివేయగలిగేటట్లు చూచేవారు. ఒకవంక నొప్పి, ఒకవంక మృత్యువు. ముందు గొయ్యి, వెనుక నుయ్యి అన్న సామెత అక్కడ అక్షరాలా వర్తించింది.

ట్రెండెలెన్‌బర్గ్ 1871లో ఈ చిక్కుకు ఒక మార్గం ప్రకటించారు. మెడ ముందు భాగాన శ్వాసనాళానికి చిన్న రంధ్రం చేసి అందులో లోహపు గొట్టం అమర్చాలి. ఆ గొట్టం చుట్టూ పలుచని రబ్బరు తిత్తి తొడిగి ఉంటుంది. గొట్టం లోపలికి చేరగానే తిత్తిలోనికి గాలి ఊదితే అది ఉబ్బి శ్వాసనాళాన్ని చుట్టూరా బిగిస్తుంది. పైనుండి దిగే రక్తం ఆ తిత్తి మీదనే ఆగిపోతుంది. బయటనున్న గొట్టపు కొసకు పొడవాటి రబ్బరు గొట్టం, దాని చివర గుడ్డ కప్పిన ఒక గరాటు తగిలించారు. మత్తు ఇచ్చేవాడు శస్త్రవైద్యుని చేతికి అడ్డు రాకుండా దూరాన నిలబడి గరాటు గుడ్డపై క్లోరోఫారం చుక్కలు వేస్తాడు. రోగి సుఖంగా నిద్రపోతాడు. శస్త్రవైద్యుడు నింపాదిగా పని చేసుకుంటాడు. ఊపిరి దారి, రక్తపు దారి మొదటిసారిగా వేరయినవి.

ఆ సాధనం లోపాలు లేనిది కాదు. తిత్తి ఒక్కొక్కప్పుడు చిరిగేది, ఒక్కొక్కప్పుడు గొట్టం మీదినుండి జారేది. హాన్ అనే మరొక జర్మన్ శస్త్రవైద్యుడు తరువాతి కాలంలో తిత్తికి బదులు, తడి తగిలి ఉబ్బే అదిమిన స్పాంజిని గొట్టానికి చుట్టాడు. 1893లో ఐసెన్‌మెంగర్ అనే వైద్యుడు నోటి గుండా దింపే గొట్టానికి తిత్తిని అమర్చి, లోపలి తిత్తి ఎంత ఉబ్బిందో బయటికి తెలిసేటట్లు మరొక చిన్న బుడగను జోడించాడు. నేటికీ ప్రతి గొట్టానికి బయట వ్రేలాడే చిన్న బుడగ దాని సంతతియే. తిత్తి ఉండాలన్న విషయంలో అందరూ ఏకీభవించారు. ఎంత గాలి ఉండాలన్న ప్రశ్న మాత్రం చాలకాలం శస్త్రవైద్యుని చేతి అంచనాకే మిగిలిపోయింది.

1872లో జర్మన్ శస్త్రవైద్యుల సంఘం స్థాపితమైనప్పుడు దాని స్థాపకులలో ట్రెండెలెన్‌బర్గ్ ఒకరు. ఆ సంఘపు తొలి ఇరువది అయిదు సంవత్సరాల చరిత్రను వృద్ధాప్యంలో ఆయనే వ్రాసి 1923లో ప్రకటించారు. 1875లో రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. 1882లో బాన్ నగరానికి, 1895లో లైప్జిగ్ నగరానికి ఆచార్యుడుగా వెళ్ళి 1911లో విశ్రాంతి తీసుకున్నారు. ముప్పది ఆరు సంవత్సరాల ఆ ఉపాధ్యాయ జీవితంలో ఆయన పేరు వైద్యశాస్త్రంలో పలుచోట్ల స్థిరపడిపోయింది.

వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది రోగిని పడుకోబెట్టే ఒక విధానం. తల పల్లానికి, కటిభాగం ఎత్తుకు ఉండేటట్లు బల్లను వంచితే పేగులు తమ బరువు చేత రొమ్ము వైపుకు జారుతవి. కటిలోని అవయవాలు శస్త్రవైద్యునికి స్పష్టంగా కనిపిస్తవి. ఆయన శిష్యుడు విల్లీ మేయర్ 1885లో దీనిని లోకానికి తెలియజేయగా, ట్రెండెలెన్‌బర్గ్ స్వయంగా 1890లో విపులంగా వివరించారు. కాలి సిరలు ఉబ్బి మెలికలు తిరిగే జబ్బును పరీక్షించే పద్ధతి, ఆ సిరను పైభాగాన కట్టివేసే చికిత్స ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందినవి. పుట్టుకతో తుంటికీలు తప్పిన పిల్లలు ఊగుతూ నడవటానికి కారణం తుంటి ప్రక్కనున్న కండరాల బలహీనత అని 1895లో నిరూపించారు. ఈనాటికీ వైద్యవిద్యార్థి రోగిని ఒంటికాలిపై నిలబెట్టి ట్రెండెలెన్‌బర్గ్ గుర్తు కోసం చూస్తాడు.

అయితే ఆయన హృదయాన్ని ఎక్కువగా ఆక్రమించిన సమస్య ఇంకొకటి. శస్త్రచికిత్స చక్కగా ముగిసి, గాయం మానుతూ, ఇంటికి పోవటానికి సిద్ధంగా ఉన్న రోగి హఠాత్తుగా రొమ్ము పట్టుకొని కొన్ని నిమిషాలలో మరణించటం ఆ రోజులలో తరచు జరిగేది. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం విడివడి, గుండె గుండా పోయి, ఊపిరితిత్తులకు రక్తం తీసుకొని పోయే ధమనిని మూసివేయటమే దానికి కారణం. రొమ్ము తెరిచి, ఆ ధమనిని కోసి, గడ్డను లాగివేసి, తిరిగి మూసివేయవచ్చునని ట్రెండెలెన్‌బర్గ్ నిశ్చయించారు. దూడలపై ప్రయోగాలు చేసి 1908లో తన పద్ధతిని ప్రకటించారు. గుండె కదలికను ఆపి దాని పని చేసిపెట్టే యంత్రాలు ఆనాడు లేవు. అంతా కొద్ది నిమిషాలలో ముగియాలి. ఆయన చికిత్స చేసిన రోగులలో ఒక్కరైనా ఇంటికి చేరలేదు. కొందరు కొన్ని గంటలు జీవించారు, అంతే. అయినా ఆయన తన అపజయాలను దాచలేదు. రానున్నవారు సరిదిద్దుకొనేందుకు వీలుగా ఆ విధానాన్నంతా వివరంగా వ్రాసి ఉంచారు.

ఆ ఫలితం ఆయన కన్ను మూయకముందే దక్కింది. 1924 మార్చి 18వ తేదీన కోనిగ్స్‌బర్గ్ నగరంలో మార్టిన్ కిర్ష్నర్ అనే తరువాతి తరం శస్త్రవైద్యుడు అదే చికిత్స చేయగా రోగి బ్రతికి బయటపడింది. అప్పటికి ట్రెండెలెన్‌బర్గ్ ఎనుబది ఏళ్ళు నిండబోతున్న వృద్ధుడు. తన చేతిలో నెరవేరనిది మరొకరి చేతిలో నెరవేరిందని వినగలగటం ఏ గురువుకైనా భాగ్యమే. ఆ సంవత్సరంలోనే ఆయన తన బాల్య యౌవనాల ఆనంద దినాలను గూర్చి ఒక చిన్న గ్రంథం వెలువరించారు. 1924 డిసెంబరు 15వ తేదీన బెర్లిన్ శివారున నికోలస్‌జే అనే చోట క్రింది దవడకు సోకిన కాన్సరుతో మరణించారు. దవడ, నాలుక కోతలు నిరపాయంగా జరగాలని యౌవనంలో గాలితిత్తిని కల్పించిన వైద్యుని ప్రాణం ఆ దవడ జబ్బుతోనే పోవటం విధి వైపరీత్యం. ఆయన కుమారులలో విల్హెల్మ్ శరీరధర్మ శాస్త్రంలోను, పాల్ ఔషధ శాస్త్రంలోను ఆచార్యులై తండ్రి పేరు నిలిపారు.

మనిషి మరణించాడు, తిత్తి ప్రయాణం ఆగలేదు. అమెరికాలో ఆర్థర్ గ్యూడెల్, రాల్ఫ్ వాటర్స్ అనే ఇద్దరు మత్తువైద్యులు 1928లో నోటి గుండా దింపే గొట్టానికి తిత్తిని తిరిగి ప్రవేశపెట్టారు. అది నిజంగా నీటిని ఆపుతుందని నమ్మించటానికి గ్యూడెల్ తన కుక్కకు మత్తు ఇచ్చి, తిత్తి ఉన్న గొట్టం అమర్చి, నీటి తొట్టిలో ముంచి చూపాడు. గొట్టం ద్వారా శ్వాసిస్తూ ఆ కుక్క నీటి అడుగున నిద్రపోయింది. బయటికి తీసి మత్తు ఆపగానే మేలుకొని నీళ్ళు విదిలించుకున్నది. ఒక్క చుక్క యైనా ఊపిరితిత్తులలోనికి పోలేదు. ఇంగ్లీషులో ఊపిరిదారి అని అర్థం వచ్చే పేరే ఆ కుక్కకు పెట్టారు.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో శ్వాసకండరాలు చచ్చుబడిన మొదటి 31 మందిలో 27 మంది మరణించారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు, మెడవద్ద శ్వాసనాళానికి రంధ్రం చేసి, తిత్తి ఉన్న గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో పిండుతూ గాలి పంపించవచ్చునని సూచించాడు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులు వేసుకొని రాత్రింబగళ్ళు నెలల తరబడి ఆ సంచులను పిండారు. మరణాలు బాగా తగ్గినవి. నేటి తీవ్రచికిత్సా విభాగాలకు ఆ వార్డే పుట్టినిల్లు. ట్రెండెలెన్‌బర్గ్ గంటసేపటి కోత కొరకు కల్పించిన తిత్తి ఇప్పుడు దినాలు, వారాలు మనిషి గొంతులో ఉండవలసివచ్చింది.

ఇక్కడనే బొర్రా గుహల పాఠం గుర్తుకు వస్తుంది. శ్వాసనాళపు లోపలి పొరలో వెంట్రుక కంటె సన్నని రక్తనాళాలు ఉన్నవి. తిత్తి గట్టిగా ఉబ్బి ఆ గోడను అదిమితే వానిలో రక్తం నిలిచిపోతుంది. పొరకు ఆహారం అందదు. మొదట పుండు పడుతుంది. తరువాత మృదులాస్థి వలయాలు బయటపడుతవి. చివరకు మచ్చకట్టి నాళం ఇరుకైపోతుంది. పోలియో నుండి, ప్రమాదాల నుండి బ్రతికి ఇంటికి పోయినవారు కొన్ని వారాలకు ఊపిరి ఆడక తిరిగి రావటం 1960లలో వైద్యులు చూచారు. ప్రాణం నిలిపిన తిత్తియే ఊపిరిదారిని మూయటం మొదలుపెట్టింది. అప్పటి మందపాటి రబ్బరు తిత్తులు తక్కువ గాలికే రాయిలా బిగిసేవి. 1969లో అమెరికాలోని బోస్టన్ నగరపు వైద్యులు కూపర్, గ్రిల్లో ఈ గాయానికి కారణం తిత్తి ఒత్తిడేనని ప్రయోగపూర్వకంగా చూపారు. పిమ్మట విశాలమైన, పలుచని, తక్కువ ఒత్తిడితో ఒదిగి కూర్చుండే తిత్తులు వాడుకలోనికి వచ్చినవి.

అయినా తిత్తి మారినంత మాత్రాన సమస్య తీరలేదు. ఎంత మంచి తిత్తినైనా అవసరానికి మించి ఊదవచ్చును. 1984లో సీగోబిన్, వాన్ హాసెల్ట్ అనే వైద్యులు శస్త్రచికిత్స జరుగుతున్న రోగుల శ్వాసనాళాన్ని లోపలినుండి సన్నని దర్శినితో పరిశీలించారు. తిత్తి ఒత్తిడి 30 సెంటీమీటర్ల నీటి మట్టం దాటగానే పొర పాలిపోవటం మొదలయింది. 50 చేరేసరికి అక్కడ రక్తప్రసారం పూర్తిగా ఆగింది. మరొక వంక, ఒత్తిడి 20 కంటె తగ్గితే పైన నిలిచిన ఉమ్మి, దానితోపాటు సూక్ష్మక్రిములు జారి ఊపిరితిత్తులలో న్యుమోనియా కలిగించే అవకాశం పెరుగుతుంది. అందుచేతనే నేడు 20 నుండి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి నడుమ తిత్తిని ఉంచాలన్నది వైద్యలోకపు సామాన్య నియమం.

ఈ సంఖ్యను ఉపాధ్యాయులు తరగతిలో కళ్ళకు కట్టించవచ్చును. విద్యార్థి చేతిలోని అడుగుబద్ద పొడవు 30 సెంటీమీటర్లు. ఆంగ్లాక్షరం యు ఆకారంలో వంచిన గాజుగొట్టంలో రంగునీరు పోసి ఒక కొసన మెల్లగా ఊదితే రెండవ వైపు నీరు పైకి లేస్తుంది. రెండు మట్టాల తేడా అడుగుబద్దలో మూడింట రెండు వంతులు ఉన్నప్పుడు క్రింది హద్దు. పూర్తి బద్దంత ఉన్నప్పుడు పై హద్దు. మనిషి ప్రాణం ఆ పది సెంటీమీటర్ల నడుమ కాపాడబడుతున్నది. అదే ఒత్తిడిని పాదరసంలో కొలిస్తే సుమారు 15 నుండి 22 మిల్లీమీటర్లు మాత్రమే.

బుడగను వేళ్ళతో నొక్కి చూచి ఒత్తిడి సరిగా ఉన్నదని చెప్పే అలవాటు చాలకాలం ఉండేది. అనుభవం గల వేళ్ళు కూడ ఈ విషయంలో తరచు పొరబడుతవని కొలిచి చూచిన ప్రతిచోటా తేలింది. కాబట్టి చిన్న గడియారం వంటి ఒత్తిడిమాపకాన్ని బుడగకు తగిలించి, ప్రతి విధి మార్పిడి వేళ చూడటం మంచి విభాగాలలో ఆచారం. రోగి దగ్గినా, ప్రక్కకు తిరిగినా, మెడ వంచినా ఒత్తిడి మారుతుంది. నైట్రస్ ఆక్సైడు మత్తు ఇస్తే ఆ వాయువు తిత్తిలోనికి చొరబడి దానిని మరింత ఉబ్బిస్తుంది. గంటల తరబడి నిలిచి ఉంటే గాలి మెల్లగా కారిపోతుంది. ఎల్లవేళలా ఒకే ఒత్తిడిని నిలిపే స్వయంచాలక యంత్రాలు కూడ వచ్చినవి. అవి ఒత్తిడిని నిలకడగా ఉంచుతవనటంలో సందేహం లేదు. న్యుమోనియాను ఎంతవరకు తగ్గిస్తవన్న విషయంలో మాత్రం వైద్యులలో ఇంకను చర్చ ఉన్నది.

కొండప్రాంతాలకు ఇందులో ప్రత్యేకంగా గమనించదగిన సంగతి ఒకటి ఉన్నది. బొర్రా ఎత్తున వాయుపీడనం సముద్రతీరపు పీడనం కంటె నూటికి సుమారు ఎనిమిది పాళ్ళు తక్కువ. ఆ తేడాను నీటిమట్టంగా లెక్కిస్తే 80 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. పైన తిత్తిని సరిగా నింపి రోగిని ఘాట్ రోడ్డు మీదుగా విశాఖపట్నానికి దించితే, పాఠశాలలో మనం చదివిన బాయిల్ నియమం తన పని తాను చేసుకొనిపోతుంది. చుట్టూ పీడనం పెరిగి తిత్తిలోని గాలి కుంచించుకుంటుంది, తిత్తి వదులవుతుంది. ఏ యంత్రమూ గంట కొట్టదు. ఉమ్మి మాత్రం నెమ్మదిగా క్రిందికి దిగుతుంది. రోగిని హెలికాప్టరులో పైకి తీసుకొనిపోతే దీనికి వ్యతిరేకంగా తిత్తి బిగిసి గోడను అదుముతుంది. దారిలో ఒకసారి, గమ్యం చేరగానే మరొకసారి ఒత్తిడి కొలవటమే దీనికి విరుగుడు. తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రం ప్రాణరక్షణకు పనికివస్తుందా అని సందేహించే విద్యార్థికి ఇంతకంటె మంచి సమాధానం లేదు.

ట్రెండెలెన్‌బర్గ్ పేరుతో నిలిచిన తలవాల్పు శయనానికి కూడ నేటి తీవ్రచికిత్సా విభాగంలో మార్పు వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని సాధారణంగా తల ఎత్తుగా, 30 నుండి 45 డిగ్రీల కోణంలో ఉంచుతారు. కడుపులోని ద్రవం పైకి ఎక్కి తిత్తి మీద నిలవకుండా చేయటమే అందులోని ఉద్దేశం. ఒకే మనిషి చూపిన రెండు మార్గాలలో ఒకదానిని కాపాడటానికి మరొకదానిని తలక్రిందులు చేయవలసివచ్చింది. ఇందువల్ల ఆయన గౌరవానికి లోటు రాలేదు. కటిభాగపు కోతలకు ఆ శయనం నేటికీ వాడుకలోనే ఉన్నది. ఏ ఉపాయమూ సర్వకాలాలకు సర్వరోగులకు ఒకే తీరున పనికిరాదన్న సత్యం మాత్రం తేటపడింది.

వైద్యచరిత్రలో మనం సాధారణంగా కనిపెట్టినవారి పేర్లను గుర్తుంచుకుంటాము. కొలిచినవారి పేర్లు మరచిపోతాము. 1871లో ట్రెండెలెన్‌బర్గ్ తిత్తిని కనిపెట్టారు. దానిలో ఎంత గాలి ఉండాలో తేలటానికి నూరు సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ నూరేళ్ళలో ఎందరో శస్త్రవైద్యులు, మత్తువైద్యులు, పేర్లు తెలియని విద్యార్థులు, గొంతులో మచ్చలతో తిరిగివచ్చిన రోగులు ఆయన ప్రారంభించిన పాఠాన్ని పూర్తి చేశారు. ఈ రాత్రి కూడ ఏ ఆసుపత్రిలోనో ఒక నర్సు రోగి పడక వద్దకు వెళ్ళి, చిన్న బుడగకు మాపకం తగిలించి, ముల్లు 20కి 30కి నడుమ నిలిచిందో లేదో చూచి, కాగితం మీద ఒక సంఖ్య వ్రాసి ముందుకు సాగుతుంది. ట్రెండెలెన్‌బర్గ్ నిలిపిన కావలి మేలుకొని ఉన్నదనటానికి ఆ సంఖ్యయే సాక్ష్యం.